గెడ్డ అవతలి పిల్లలు ఏ బడి పరిధిలోకి వస్తారు?

గెడ్డవతల_అమ్మ
మాది శ్రీకాకుళం జిల్లాలో జాతీయ రహదారి 16కు దగ్గరగా ఉన్న ఒక పంచాయతీ. పంచాయతీ ఒకటే కానీ ఆవాసాలు మూడు: పెద్ద ఊరు, గెడ్డ (వాగు) దాటితే మా పేట, రహదారికి అటుపక్క కాలనీ. మా పేట బడిలో ఒకటి నుంచి ఐదు తరగతుల వరకు 19 మంది పిల్లలు, ఒక్క మాస్టారు ఉన్నారు. పెద్ద ఊరి బడిని మోడల్ ప్రైమరీ స్కూలుగా చేస్తున్నామనీ, మా పేటలో 3, 4, 5 తరగతుల పిల్లలూ కాలనీ పిల్లలందరూ ఇకమీదట దాని పరిధిలోకి వస్తారనీ పోయిన మంగళవారం అధికారులు చెప్పారు.

సమావేశం ఉదయం పదిన్నరకు పెట్టారు. ఊడ్పులు జోరుగా సాగుతున్న రోజులు కనుక మా పేట నుంచి నలుగురమే వెళ్లగలిగాం. తీర్మానం పుస్తకంలో తేదీ వేసి కింద పేజీ ఖాళీగా ఉంచారు. ముందు సంతకాలు చేస్తే విషయం తర్వాత రాసుకుంటామన్నారు. వాళ్ల దగ్గరున్న కాగితంలో మా పేటకూ పెద్ద ఊరికీ మధ్య దూరం 900 మీటర్లని ఉంది. అది గెడ్డలో దిగి నడిస్తే వచ్చే దూరం. కల్వర్టు మీదుగా తిరిగి వెళితే దాదాపు రెట్టింపు అవుతుంది. నేను పాఠశాల యాజమాన్య కమిటీలో సభ్యురాలిని కాబట్టి సంతకం చేయకుండా గడువు అడిగి వచ్చాను.

విలీనమే వద్దని నేను అనడం లేదు, ఎందుకంటే తరగతికొక టీచరు ఉండే బడిలో మా పాప చదవాలని నాకూ ఉంది. బడుల పరిధికి ఈ గీతలు ఎవరు, ఏ లెక్కన గీస్తారు? మా మాటకు ఎంత విలువ ఉంది? దాన్ని ఎలా చెబితే వింటారు?

రాజాం_రోడ్డు
2022 ఏప్రిల్ 4న మేము నిద్ర లేచేసరికి రాజాం శ్రీకాకుళం జిల్లాలోంచి విజయనగరం జిల్లాలోకి వెళ్లిపోయింది. మాకు గెడ్డ దాటే శ్రమ కూడా కలగలేదు. మీకు కనీసం ఖాళీ పేజీ చూపించారు, సంతోషించండి.

డీఎస్సీ_2008
గీతలు ఎలా గీస్తారో ముందు చెబుతాను, ఎందుకంటే ఈ నాలుగైదేళ్లలో నా బడి పరిధి మూడుసార్లు మారింది. 2021లో ఉన్నత పాఠశాలకు 250 మీటర్ల లోపు ఉన్న ప్రాథమిక బడుల్లోంచి 3, 4, 5 తరగతులను తీసుకెళ్లి ఉన్నత పాఠశాలలో కలిపారు. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117తో ఆ దూరం కిలోమీటరైంది. 2025లో దాన్ని పక్కనపెట్టి, మోడల్ ప్రైమరీ స్కూళ్ల పద్ధతి తెచ్చి, వెళ్లిన తరగతులను తిరిగి ప్రాథమిక స్థాయికే రప్పించారు. మా నాలుగో తరగతి పిల్లల్లో ఒకడు ‘ఈసారి ఎక్కడికి మాస్టారూ’ అని నన్నే అడిగాడు.

ఈ మూడు విడతల్లోనూ నేను గమనించినదేమిటంటే, దూరాన్ని బడి నుంచి బడికే చూశారు తప్ప ఇంటి నుంచి బడికి ఎవరూ చూడలేదు. పేటలో ఆఖరి వీధి పిల్లకు ముందు తన పాత బడి దాకా వచ్చే నడక ఉంటుంది, ఆ పైన కాగితంలోని 900 మీటర్లు ఉంటాయి. మీ పేట పొడవెంతో ఆ కాగితానికి తెలియదు.

లెక్కలు_తప్పవు
అందరూ దూరం గురించే మాట్లాడుతున్నారు, లోపల జరిగే చదువు గురించి ఎవరూ మాట్లాడడం లేదు. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిషు, లెక్కలు, పైన మూడు తరగతులకు వీటితో పాటు పరిసరాల విజ్ఞానం కలిపితే మొత్తం 18 సబ్జెక్టులు అవుతాయి. వాటన్నిటినీ ఒకే మాస్టారు ఒకే గదిలో చెప్పాలి. ఆయనకు శిక్షణ పడినా, ఓటర్ల జాబితా పని పడినా, జ్వరం వచ్చినా బడికి తాళమే. నేను చదివింది అలాంటి బడిలోనే. మూడో తరగతి అంతా ఒకటో తరగతి వాళ్లకు అక్షరాలు దిద్దించడంతోనే గడిపాను. ఆ దస్తూరి మాత్రం ఇప్పటికీ బాగుంటుంది, కానీ భాగహారం ఆరో తరగతిలో మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది.

19 మంది పిల్లల బడిని కాపాడుకోవడమంటే గోడలను కాపాడుకోవడమే. గెడ్డ మీద కాలిబాట వంతెన అడగండి, బడిని కదపవద్దని అడగకండి.

గెడ్డవతల_అమ్మ
లెక్కలు_తప్పవు గారూ, బడిని కదపవద్దని నేను ఎక్కడా అడగలేదు. వంతెన మాట మంచిదే, దాన్ని మా తాతగారి కాలం నుంచీ అడుగుతూనే ఉన్నాం.

పాత_గుమాస్తా
మండల స్థాయి కార్యాలయంలో ముప్పై ఏళ్లు ఫైళ్లు మోసినవాడిగా చట్టం సంగతి చెబుతాను. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం బడి పిల్లల ఇరుగుపొరుగున ఉండాలి. మన రాష్ట్రంలో 1 నుంచి 5 తరగతులకు 1 కిలోమీటరు, 6 నుంచి 8 తరగతులకు 3 కిలోమీటర్లని హద్దు పెట్టుకున్నాం. చాలామంది ఇక్కడితో చదవడం ఆపేస్తారు. అధికారులూ ఆపేస్తారు.

2010 నాటి కేంద్ర నియమావళిలో 6వ నియమాన్ని చివరిదాకా చదవండి. నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట, వరద భయం ఉన్నచోట, రోడ్డు లేనిచోట, చిన్నపిల్లలు బడికి వచ్చే దారిలో ప్రమాదం ఉన్నచోట ఆ హద్దును తగ్గించి, ప్రమాదం తప్పేలా బడిని ఏర్పాటు చేయాలని అందులో స్పష్టంగా ఉంది. మీ గెడ్డ, కాలనీ వారి రహదారి రెండూ ఈ నియమం చెప్పే ప్రమాదాల్లాంటివే. దగ్గరలో బడి లేని చిన్న ఆవాసాల పిల్లలకు ఉచిత రవాణా వంటి ఏర్పాట్లు చేయాలని కూడా అదే నియమం చెబుతుంది. ఏ ఆవాసానికి ఏ బడో గుర్తించి అందరికీ తెలియజేయాలని కూడా అందులోనే ఉంది.

మీ మాట విలువ గురించి అడిగారు. చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. కమిటీ వద్దన్నంత మాత్రాన ప్రభుత్వ నిర్ణయం ఆగిపోదు. అయితే అభ్యంతరం కారణాలతో సహా పుస్తకంలోకి ఎక్కితే, దాన్ని పైకి పంపే ప్రతి అధికారీ దానికి ఏదో ఒక సమాధానం రాయక తప్పదు. ఖాళీ పేజీ మీద సంతకం చేయకపోవడం మీరు చేసిన మొదటి మంచి పని.

ఆటో_స్టాండు
రవాణా ఏర్పాటు అన్నారు కాబట్టి చెబుతున్నాను. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద ఒక్కో పిల్లకు ఏడాదికి 6000 రూపాయల వరకు రవాణా భత్యం ఇవ్వవచ్చు. ఆ డబ్బు ఎప్పుడు వస్తుందో తెలియదు కానీ నా ఆటోకు పెట్రోలు మాత్రం ప్రతి ఉదయం కావాలి. మా దగ్గర తల్లులు ముందు సొంత డబ్బు ఇచ్చి, ఆ తర్వాత భత్యం కోసం ఎదురుచూస్తారు. రెండో నెలలో ఇవ్వలేక పిల్లల్ని నడిపిస్తారు. భత్యం వస్తుంది కదా అని సంతకం పెట్టకండి, మొదటి నెల ఎవరు కడతారో రాయించుకున్నాకే పెట్టండి.

వీధిచివరి_ఇల్లు
ఇందాకటి నుంచి ఎవరూ ఎత్తని సంగతి నేను ఎత్తుతాను. పేట పిల్లలు ఊరికి రావాలి, కాలనీ పిల్లలు ఊరికి రావాలి. ఊరి పిల్లలు కాలనీకి వెళ్లడం ఎప్పుడైనా విన్నారా? విజయనగరం జిల్లాలో మా పంచాయతీలో కాలనీ బడికి నాలుగు గదులు, ప్రహరీ, ఆడుకునేందుకు స్థలం ఉన్నాయి. ఊరి బడికి రెండు గదులూ ఒక వరండా ఉన్నాయి. పిల్లల సంఖ్యలో పెద్ద తేడా లేదు. అయినా ఊరి బడినే ముఖ్య బడి చేశారు. కారణం కాగితంలో రాయలేదు కానీ సమావేశంలో ఒక పెద్దమనిషి నోరు జారి చెప్పేశారు: ‘మా పిల్లల్ని కాలనీకి పంపేదానికంటే కాన్వెంటుకే పంపుతాం.’ ఆ మాటకు భయపడి గీత అటు జరిగింది. ఊరి మాట వినాలంటున్నాం సరే, ఊళ్లో ఎవరి మాట వింటున్నారో కూడా చూడాలి.

లెక్కలు_తప్పవు
పై పోస్టుతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. గదులు ఎక్కడ ఎక్కువ ఉంటే అదే ముఖ్య బడి కావాలి. కలపడం తప్పు కాదు, ఎటు కలుపుతున్నారన్నదే అసలు ప్రశ్న.

నెల్లిమర్ల_నీడ
ఆ పెద్దమనిషి మాటలో బెదిరింపుతో పాటు నిజం కూడా ఉంది. మా ఇంటి దగ్గరి బడిని రెండేళ్ల కిందట మరో బడిలో కలిపినప్పుడు, కాగితం మీద పిల్లలంతా కొత్త బడికి బదిలీ అయ్యారు. జూన్‌లో చూస్తే సగం మంది అటు వెళ్లలేదు, పసుపు వ్యానెక్కి ప్రైవేటు బడికి వెళ్లారు. నేనూ మా బాబును వ్యానెక్కించినదాన్నే కాబట్టి ఎవరినీ తప్పుపట్టను. సర్కారు బడి కిలోమీటరున్నర దూరం జరిగితే, ప్రైవేటు బడి వాళ్ల వ్యాను మా గుమ్మం ముందు ఆగి హారను కొడుతోంది. గీత మార్చేవారు ఆ హారను చప్పుడు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

సిక్కోలు_టు_డాలస్
మా ఊరు ఆమదాలవలస దగ్గర, ఉండేది టెక్సాస్‌లో. ఇక్కడ ఎలిమెంటరీ స్కూలుకు అటెండెన్స్ జోన్ అని గీత ఉంటుంది. ఇల్లు ఆ గీత లోపల ఉంటే పిల్లలు సాధారణంగా ఆ బడికే వెళ్లాలి. మా శివారులో ఇళ్లు పెరిగి బడి నిండిపోవడంతో రెండేళ్ల కిందట గీతలు మార్చారు. ముందుగా రెండు మూడు మ్యాపులు తయారుచేసి వెబ్‌సైటులో పెట్టారు. ఏ వీధి ఎటు పోతుందో ఎవరైనా చూసుకోవచ్చు. సాయంత్రం పూట బహిరంగ సమావేశాలు జరిగాయి, ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు మాట్లాడే వీలిచ్చారు. చివరికి ఎన్నికైన స్కూలు బోర్డు సభ్యులు అందరి ముందే ఓటు వేశారు. అందులో నాకు నచ్చినవి రెండున్నాయి. ఆఖరు తరగతిలో ఉన్న పిల్లల్ని ఆ ఏడాదికి కదపలేదు. తల్లిదండ్రులు కోరిన చోట తోబుట్టువులను ఒకే బడిలో ఉండనిచ్చారు.

ఇక్కడంతా సవ్యంగా ఉందని మాత్రం అనుకోవద్దు. మంచి పేరున్న బడి గీత లోపల ఇల్లుంటే దాని ధర వేరు, అందుకే సమావేశాల్లో పిల్లల క్షేమం పేరుతో మాట్లాడేవారిలో ఇంటి ధర కోసం మాట్లాడేవారూ ఉంటారు. వీధిచివరి_ఇల్లు గారు చెప్పిన బాధ ఇక్కడ ఇంకో రూపంలో ఉండేది. నల్లజాతి పిల్లలూ తెల్లజాతి పిల్లలూ కలిసి చదవాలంటే గీతలు మార్చవచ్చనీ, బస్సుల్లో తరలించవచ్చనీ 1971లో షార్లెట్ నగరం కేసులో వీళ్ల సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది.

రాజాం_రోడ్డు
బడి వల్ల ఇంటి ధర పెరగడమన్నది మాకు కొత్త. మా వీధిలో సర్కారు బడి పక్కనున్న ఇంటికి ఇంటర్వెల్ గోల ఉంటుందని అద్దెలో రెండు వందలు తగ్గిస్తారు.

డీఎస్సీ_2008
డాలస్ గారు చెప్పినదానికీ మనకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. అక్కడి గీత కుటుంబాన్ని కట్టేస్తుంది, మన గీత ప్రభుత్వాన్ని కట్టేస్తుంది. అంటే ఈ ఆవాసపు పిల్లకు ఇంత దూరంలో బడి ఉండేలా చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిది, అంతేకానీ ఆ పిల్ల వేరే సర్కారు బడిలో చేరకూడదని కాదు. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం బడి మారే హక్కు పిల్లకు ఉంది. బదిలీ పత్రాన్ని ప్రధానోపాధ్యాయులు వెంటనే ఇవ్వాలి. అది ఆలస్యమైందన్న సాకుతో చేర్చుకోకుండా ఉండకూడదు. ‘మీ పేటకు ఈ బడే, ఇంకెక్కడా చేర్చుకోరు’ అని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి.

ఆఖరు తరగతిని కదపకపోవడం, తోబుట్టువులను కలిపి ఉంచడం మాత్రం మనమూ అడగవలసినవే. వాటికి డబ్బు ఖర్చు కాదు.

ఇచ్ఛాపురం_ఇవతల
మా వైపు గీత గొడవ దూరంతో తేలేది కాదు, భాషతో ముడిపడింది. సరిహద్దు మండలాల్లో ఒడియా మాధ్యమం బడులున్నాయి. ఎదురెదురుగా ఒక ఒడియా బడి, ఒక తెలుగు బడి ఉంటే మ్యాపులో రెండు చుక్కలూ ఒకదానిమీద ఒకటి పడతాయి కాబట్టి కలిపేయవచ్చని దూరాన ఉన్న మనిషికి అనిపిస్తుంది. మా పక్కింటి పాప ఇంట్లో మాట్లాడేది ఒడియా, వీధిలో మాట్లాడేది తెలుగు, చదివేది ఒడియా. ఆమెకు రెండో బడి 50 మీటర్ల దూరంలో ఉన్నా చాలా దూరమే. వీలైనంతవరకు మాతృభాషలోనే బోధన ఉండాలని చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. సవర గిరిజనుల కోసం వారి భాష నేర్చుకొని బడులు నడిపిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లాలో ఈ మాట మళ్లీ చెప్పవలసి రావడం నాకు వింతగా ఉంది.

రాజాం_రోడ్డు
గిడుగు వారి జిల్లాలో కూర్చొని మనమంతా ఇంత పుస్తక భాషలో వాదించుకోవడం ఇంకా వింతగా ఉంది.

తీరం_కబురు
పిల్లల సంఖ్య ఏ నెలలో లెక్కపెడతారో కూడా అడగండి. మాది మత్స్యకార గ్రామం. మగవాళ్లు వేటకు గుజరాత్ తీరంలోని వెరావల్ దాకా వెళతారు. కొన్ని ఇళ్లలో తల్లీ పిల్లలూ మరో చోటికి పనికి పోతారు, కొన్ని ఇళ్లలో పిల్లలు నానమ్మల దగ్గర ఉండిపోతారు. యూడైస్ (ఏటా బడుల వివరాలు సేకరించే ప్రభుత్వ పద్ధతి) లెక్కలకు సెప్టెంబరు 30ని ఆధారంగా తీసుకునే పద్ధతి ఉంది. ఆ రోజు రిజిస్టరులో ఉన్న సంఖ్యకూ సంక్రాంతి వెళ్లాక తరగతి గదిలో కూర్చునే సంఖ్యకూ మా దగ్గర పొంతన ఉండదు. వలస వెళ్లిన పిల్లలు తిరిగొచ్చేసరికి బడి వేరే ఊరికి తరలిపోయి ఉంటే, వాళ్లు మళ్లీ బడి మొహం చూడరు. మా అన్నయ్య కొడుకు విషయంలో అదే జరిగింది. ఇప్పుడు పద్నాలుగేళ్ల వాడు, వలలు బాగుచేస్తున్నాడు.

పాత_గుమాస్తా
తీరం గారి మాట అక్షరాలా నిజం. తన పరిధిలోని పద్నాలుగేళ్ల లోపు పిల్లల వివరాలు నమోదు చేసి ఉంచడం స్థానిక సంస్థ బాధ్యతని 9వ సెక్షన్‌లో ఉంది. గీత గీసేముందు బడి రిజిస్టరుతో పాటు ఆ పుస్తకాన్నీ, అంగన్‌వాడీలో ఉన్న చిన్నపిల్లల లెక్కనూ చూడాలి. ఈ ఏడు 19 మందే ఉన్నా వచ్చే ఏడు అంగన్‌వాడీ నుంచి ఎనిమిది మంది రావచ్చు.

ఇక పేట అమ్మ గారికి నా సలహా. సమావేశాన్ని రాత్రి ఏడు గంటలకు, పనుల నుంచి అందరూ వచ్చాక, రామకోవెల దగ్గర పెట్టమని కమిటీ తరఫున రాతపూర్వకంగా అడగండి. ముందురోజు చాటింపు వేయించండి. తీర్మానాన్ని మొదట రాసి, గట్టిగా చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకాలు తీసుకోవాలి. ఒప్పుకోనివారి పేర్లు, కారణాలు కూడా రాయాలి. కింద మిగిలిన ఖాళీ స్థలాన్ని అడ్డగీతతో కొట్టేయాలి. ఈ ఆఖరి పని మర్చిపోకండి, నా ఉద్యోగంలో చూసిన చాలా అద్భుతాలు ఆ ఖాళీ స్థలంలోనే జరిగాయి.

లెక్కలు_తప్పవు
అందరి మాటా వింటూ పోతే ఏ గీతా పడదు. పేట వాళ్లు దూరమంటారు, ఊరి వాళ్లు గదులు చాలవంటారు, వంట చేసే ఆవిడ తన పని పోతుందంటుంది. ఈలోగా ఏడాది గడిచి ఒక తరగతి పిల్లలు చదువు రాకుండానే పై తరగతికి వెళ్లిపోతారు. దానికి ఎవరు బాధ్యులు?

వీధిచివరి_ఇల్లు
వంట చేసే ఆవిడ మాట ఎందుకు వినకూడదు? ఏ పిల్ల ఇంట్లో తినకుండా వస్తుందో, ఏ పిల్ల పది రోజులుగా రావడం లేదో ఆవిడకు తెలిసినంతగా ఏ మ్యాపుకూ తెలియదు.

గెడ్డవతల_అమ్మ
పన్నెండు రోజుల తర్వాత వచ్చి రాస్తున్నాను. మీ సలహాలు చాలావరకు పాటించాం.

మొదట నడిచి చూశాం. ఒకటో తరగతి పిల్ల ఒకతె, మూడో తరగతి పిల్లలిద్దరు, నేను కలిసి ఉదయం పుస్తకాల సంచులతో సహా మా పేట ఆఖరి ఇంటి నుంచి కల్వర్టు మీదుగా పెద్ద ఊరి బడికి వెళ్లాం. ఫోనులో చూస్తే దూరం 1.9 కిలోమీటర్లు వచ్చింది. మూడో తరగతి వాళ్లకు 29 నిమిషాలు పట్టింది. చిన్నది దారిలో రెండుసార్లు కూర్చుంది కాబట్టి దానికి 41 నిమిషాలు పట్టింది. కల్వర్టుకు ఒకవైపు పిట్టగోడ లేదు. ఇవన్నీ ఫొటోలతో సహా కాగితం మీద పెట్టాం.

సమావేశం రాత్రి ఏడు గంటలకు రామకోవెల దగ్గర జరిగింది. పేట నుంచి పదహారు ఇళ్ల వాళ్లు వచ్చారు. అందరూ నాలాగే ఆలోచిస్తారనుకున్నాను, అలా జరగలేదు. నలుగురు తల్లులు ‘మా పిల్లలు రేపే పెద్ద ఊరి బడికి వెళితే బాగుణ్ణు, ఇక్కడ చదువు సాగడం లేదు’ అన్నారు. మా మాస్టారు అక్కడే ఉన్నారు, తల దించుకోలేదు. ‘నిజమే, నేనొక్కడినే చేయలేకపోతున్నాను’ అని ఆయనే అన్నారు. చివరకు 1, 2 తరగతులు పేటలోనే ఉంచాలనీ, 3, 4 తరగతులు కల్వర్టుకు పిట్టగోడ కట్టి, ఆటో ఏర్పాటు చేసిన తర్వాతే వెళ్లాలనీ, మొదటి నెల ఆటో ఖర్చు ఎవరిదో ముందే తేల్చాలనీ, ఈ ఏడాది ఐదో తరగతిలో ఉన్న ముగ్గురినీ కదపకూడదనీ రాశాం. ఇద్దరు ఒప్పుకోలేదు, వారి కారణాలు కూడా రాశాం. కింద అడ్డగీత నేనే కొట్టాను.

వీధిచివరి_ఇల్లు
కాలనీ పిల్లల సంగతి ఏం చేశారు?

గెడ్డవతల_అమ్మ
అది తేలలేదు. కాలనీ వాళ్లకు సమావేశం కబురు ఆలస్యంగా అందింది, ఇద్దరే రాగలిగారు. చాటింపు ఊళ్లోనూ పేటలోనూ వేశారు కానీ రహదారి దాటి వెళ్లలేదు, అందులో మా తప్పు కూడా ఉంది. ఆ ఇద్దరి తరఫున, రహదారి దాటవలసిన పిల్లల విషయం వారి సొంత సమావేశం జరిగేదాకా తేల్చకూడదని మాత్రం రాయించగలిగాం. అది వచ్చే ఆదివారం సాయంత్రం కాలనీలోనే జరుగుతుంది.

తీర్మానం నకలు తీసుకొని మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి ఇచ్చాం. ఆయన చదివి, గురువారం ఉదయం ఎనిమిదిన్నరకు స్వయంగా వచ్చి మా దారి నడిచి చూస్తానన్నారు. అయితే గురువారం వాన ఉందంటున్నారు. వేరే రోజుకు మార్చమని అడగనా?

డీఎస్సీ_2008
అడగకండి. గెడ్డ ఎలా ఉంటుందో వానలో చూడడమే మంచిది.

పాత_గుమాస్తా
ఆయన నడిచి వెళ్లాక తనిఖీ వివరాలను బడి సందర్శకుల పుస్తకంలో ఆ రోజే రాయించి, కింద ఆయన సంతకం తీసుకోండి.

రాజాం_రోడ్డు
గొడుగులు రెండు పట్టుకెళ్లండి. ఒకటి ఎంఈఓ గారికి, ఒకటి పుస్తకానికి.